మొదటి స్తంభం పొట్ట

మా మామగారు స్తంభాల ఇంటి వీధిలో ఎప్పుడు నడిచినా ఆ ఇంటి గోడని రాసుకుంటూనే నడిచేవారు. ఎదురువైపు వెడల్పాటి కాలిబాట ఉంది. గొడుగులు బాగుచేసే ఆయన దుకాణం ముందు కూర్చోడానికి బల్ల కూడా ఉంది. ఇటువైపు కాలవ, దాని మీద ఊగిసలాడే బండలు, వాన పడితే బురద. అయినా సరే ఆయన ఇటే. నేను కోడలిగా వచ్చిన మొదటి నెలలో దారాలు కొనడానికి ఆయన వెంట వెళ్ళి ఒక చెప్పు ఆ కాలవకి సమర్పించుకున్నాను. "అటువైపు నడవచ్చుగా మామగారూ" అంటే "అటు ఎండ" అన్నారు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. కొత్త కోడల్ని కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళలో నేను నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

స్తంభాల ఇంటి సంగతి చెప్పకుండా మామగారి సంగతి చెప్పడం కుదరదు. నూటయాభై ఏళ్ళ కిందట ఓడలకి తాళ్ళు పేనించి అమ్మే వ్యాపారి ఒకాయన ఆ ఇల్లు కట్టించాడు. సరుకు దింపడానికి వెళ్ళిన ఏదో రేవు పట్నంలో అలాంటి భవనం చూసి మనసు పారేసుకున్నాడట. ముందువైపు నాలుగు గుండ్రటి స్తంభాలు. వాటి నెత్తిన పొట్టేలు కొమ్ముల్లా మెలికలు తిరిగిన అలంకారం. ఆ పైన అడ్డదూలం, దూలం మీద ముక్కోణం. ముక్కోణం అంచు కింద చిన్న చిన్న దిమ్మల వరస. గుమ్మం పైన విసనకర్ర ఆకారంలో అద్దాలు. ఇంటి నడుమ నిలువుగా గీత గీస్తే కుడివైపు ఏముందో ఎడమవైపూ అదే ఉంటుంది.

చూసినవాళ్ళు అది రాతి కట్టడం అనుకుంటారు. మెట్లకి తప్ప ఎక్కడా రాయి లేదు. అంతా ఇటుక, పైన గానుగ సున్నం. ఆ సున్నం ఆరకముందే నున్నటి గులకరాయితో రుద్ది రుద్ది మెరుపు తెచ్చి, రాళ్ళు పేర్చినట్టు గీతలు గీశారు. పై అంతస్తులో అయిదు కిటికీలు కనబడతాయి గానీ ఉన్నవి నాలుగే. ఒకదాని వెనక మెట్లు వచ్చాయి, కిటికీ పెట్టడానికి వీల్లేకపోయింది. వరస చెడకూడదని అక్కడ గోడ మీద రంగులతో కిటికీ తలుపులు వేశారు. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ ఒకతను ఆ కిటికీ కింద నిలబడి "అమ్మా, తలుపు తియ్యండి" అని గొంతు పోయేదాకా పిలిచాడని మా అత్తగారు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. నన్నడిగితే ఆ ఇల్లు మొత్తం మర్యాదస్తులు ఆడే అబద్ధం లాంటిది. నేను దర్జీని, అలాంటి అబద్ధాలంటే నాకు గౌరవం. భుజాలు లేనివాళ్ళకి కోటులో దూది పెట్టి భుజాలు కుట్టిచ్చేది నేనే కదా.

మామగారిని ఊరంతా రసమట్టం మేస్త్రీ అంటుంది. రసమట్టం అంటే తాపీ మేస్త్రీలు గోడ సమంగా ఉందో లేదో చూసుకునే గాజు గొట్టం, లోపల బుడగ ఉంటుంది. అది మరిచిపోయి పనికెళ్ళినా పర్వాలేదు, ఈయన కన్ను చాలు అని అర్థం. ఆ పేరు పెట్టింది ఒక పళ్ళ డాక్టరు. తాళ్ళ వ్యాపారి మనవడు ఆయన. పైన కాపురం, కింద పళ్ళు పీకడం. ముక్కోణం కింద పళ్ళలా ఉన్న దిమ్మల వరస చూపించి "మా తాతకి ముందే తెలుసు, మనవడు డాక్టరవుతాడని" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడట. నొప్పితో వచ్చినవాళ్ళు నవ్వలేక ఏడ్చేవాళ్ళు. ఆ డాక్టరు ఒక వేసవిలో ఇల్లు బాగుచేయించాడు. అప్పటికి మామగారికి ఇరవయ్యారేళ్ళు. గురువుగారు మంచాన పడితే మొదటిసారి సొంతంగా పని ఒప్పుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువగా పెళుసెక్కిన మొదటి స్తంభానికి సున్నం కొత్తగా వేశారు. పని పూర్తయ్యాక డాక్టరు ఆ స్తంభానికి తిన్నటి చెక్క బద్ద ఆనించి చూశాడు. పైనుంచి కిందదాకా బద్దకీ స్తంభానికీ మధ్య వెంట్రుక దూరదు. "నువ్వు మనిషివి కాదయ్యా, రసమట్టానివి" అన్నాడు. ఆ పేరు అతుక్కుపోయింది. మా ఆయన్ని కూడా చిన్నప్పటినుంచీ రసమట్టం కొడుకనే పిలిచేవారు. మా ఆయన పిల్లల్ని ఎత్తుకుని ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి పెట్టించి "తాతయ్య చేసిందే" అని చెప్పేవారు.

ఇక చెక్క సంగతి. కోడలిగా వచ్చినప్పుడు నా కుట్టు మిషను పెట్టుకోడానికి ముందు గది ఇచ్చారు. ఆ గది గోడకి రెండు మేకుల మీద పది అడుగుల చెక్క ఒకటి అడ్డంగా వేలాడుతూ ఉండేది. జానెడు వెడల్పు, ఒక అంచు నున్నగా చెక్కి ఉంది. ఒకరోజు ఎవరివో పెద్ద హాలు తెరలు కత్తిరించాల్సి వచ్చింది. నా దగ్గరున్న స్కేలు మూడడుగులు. ఆ చెక్కని దించి నేల మీద బట్ట పరిచి, నున్నటి అంచు వెంబడి సుద్దతో గీసి కత్తిరించేశాను. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే నా ప్రాణం పోయింది. చివర్లు ఎడంగా ఉన్నాయి, నడుమ ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. రసమట్టం మేస్త్రీ ఇంట్లో వంకర బద్ద. నేను ఆ చెక్క పట్టుకుని "దీన్ని పొయ్యిలో పెట్టండి" అంటూ వంటింట్లోకి వెళ్ళాను.

మామగారు అన్నం ముందునుంచి లేచి వచ్చి చెక్క నా చేతిలోంచి లాక్కున్నారు. ఆయన నా వంక కోపంగా చూసింది జీవితంలో అదొక్కసారే. "ఇది గీతలకి కాదు" అని మాత్రం అన్నారు. మళ్ళీ మేకులకి తగిలించారు. దేనికో చెప్పలేదు. అత్తగారిని అడిగితే "ఆ చెక్క నాకు సవతి లాంటిది, నన్నడక్కు" అన్నారు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎండలో నిచ్చెన మీద కూర్చుని రెండు రోజులు దాన్ని చెక్కారట. దాని మీద మా పిల్లలు రంగు పెన్సిళ్ళతో బొమ్మలు గీస్తే కూడా ఆయన ఊరుకున్నారు గానీ, కింద పెట్టనివ్వలేదు.

ఇంకో వింత కూడా అత్తగారే చెప్పారు. డాక్టరు పోయాక ఆ ఇల్లు ఆడపిల్లల బడి అయింది, తర్వాత కాగితాలు దాచే ఏదో ఆఫీసు అయింది. ఎవరున్నా ఏటా సున్నం వేసే పని మాత్రం మామగారిదే. ఇంట్లో ఉన్నవాళ్ళు ఉత్తి పూత వరకే ఆయనకి ఇచ్చేవాళ్ళు, గీకడాలు అతకడాలు వద్దనేవాళ్ళు. మిగతా మూడు స్తంభాలకీ రెండేసి పూతలు వేస్తే, మొదటి స్తంభం నడుముకి మాత్రం ఆరు. "దానికేమైనా కడుపా, అంత తినిపిస్తున్నారు" అని అత్తగారు అడిగేవారట. పదేళ్ళ పాటు అలా తినిపించారు. పదకొండో ఏడు పెద్ద వానకి ఆ సున్నమంతా అప్పచ్చిలా ఊడి మెట్ల మీద పడింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని అత్తగారు చెప్పారు.

పోయిన ఏడాది మున్సిపాలిటీ వాళ్ళు ఆ ఇంటిని గ్రంథాలయం చేద్దామనుకున్నారు. మరమ్మతు పనికి మా ఆయనే పెద్ద మేస్త్రీ. "రసమట్టం కొడుకుని" అని చెప్పుకునే ఆ పని తెచ్చుకున్నారు, అందులో దాపరికమేం లేదు. ఒక శనివారం పొద్దున మున్సిపాలిటీ ఇంజినీరమ్మ మా ఇంటికి వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. చెప్పులు గుమ్మం బయట వదిలి, నా బట్టల ముక్కల మధ్య ఉన్న కుర్చీలో కూర్చుని, సంచీలోంచి పెద్ద కాగితం తీసి మామగారి ముందు పరిచింది. నాలుగు స్తంభాల బొమ్మలు, పక్కన కొలతలు.

"మేస్త్రీగారూ, ఒకసారి చూడండి" అంది. "మూడు స్తంభాలకి ఉబ్బు వచ్చింది. నడుమ అరంగుళం దాకా బయటికొచ్చాయి. తేమ పట్టో, ఎవరెవరో పూసిన పూతలు పేరుకునో తెలీదు. మీరు చేసిన మొదటి స్తంభం ఒక్కటే చెక్కుచెదరలేదు. అంత తిన్నగా ఉన్నది నేనింతవరకూ చూడలేదు."

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి మీసం సర్దుకున్నారు. సర్దుకోడానికి అక్కడ పెద్దగా మీసం లేదు.

"సోమవారం నుంచి మిగతా మూడింటినీ మీ స్తంభం కొలతకి గీకించేస్తాం. మీ అబ్బాయే చేస్తారు. తర్వాత మీరు ఆ స్తంభం పక్కన నిలబడితే ఒక ఫోటో తీసి లోపల పెడదామని ఉంది. ఏమంటారు?"

మామగారు కాగితం మడిచి ఆమె వైపు జరిపారు. "నాకు ఫోటోలు అచ్చిరావమ్మా" అన్నారు. ఇంజినీరమ్మ అది వినయం అనుకుంది. మా ఆయనా అదే అనుకున్నారు. నేను మాత్రం ఆయన కళ్ళ వంక చూశాను. అవి గోడకి వేలాడుతున్న చెక్క మీద ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే నేను ఒక ఉపాధ్యాయుడి చొక్కా కత్తిరిస్తున్నాను. మామగారు వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"అమ్మాయ్, ఆ చొక్కా మనిషికి పొట్టుందా?"

"బాగానే ఉంది మామగారూ."

"మరి పక్క కుట్టు తిన్నగా కత్తిరిస్తావా?"

"తిన్నగా కత్తిరిస్తే బొత్తాలు తెగుతాయి. నడుమ కొంచెం వదిలి, వంపు తిప్పి కత్తిరిస్తాను. వేసుకున్నాక తిన్నగా కనిపిస్తుంది."

"నీకీ సంగతి తెలుసు" అన్నారు. "ఇరవయ్యారేళ్ళప్పుడు నాకు తెలీలేదు."

అప్పుడు చెప్పారు. నలభై నాలుగేళ్ళు ఎవరికీ చెప్పనిది నా కత్తెర చప్పుడు ఆగాక నాకు చెప్పారు. ఆ వేసవిలో ఆయన మొదటి స్తంభానికి బద్ద ఆనిస్తే అది కూర్చోలేదు. పైన సందు, కింద సందు, నడుమ ఆనుకుని ఊగుతోంది. పాతకాలం వాళ్ళు తాగి కట్టారనుకున్నారు. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని, ఊరంతా చూస్తుంది, వంకర స్తంభాన్ని వంకరగానే వదిలితే పరువేం కావాలి అనుకున్నారు. పాత సున్నం తీసి, బద్ద ఎక్కడ ఆనించినా కూర్చునేదాకా కొత్త సున్నం వేసి గీకారు. మిగతా మూడూ కూడా అలాగే సరిచేద్దామనుకున్నారు గానీ ఈలోగా వానలొచ్చాయి.

డాక్టరు పేరు పెట్టాడు. ఊరు మెచ్చుకుంది. వారం తర్వాత గురువుగారు కర్ర పట్టుకుని వచ్చారు. ఇంటి ముందు ఆగలేదు. నేరుగా ఎదురువైపుకి నడిచి, గొడుగుల దుకాణం బల్ల మీద కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని "నాలుగూ ఒక్కసారి చూడు" అన్నారు. మామగారు చూశారు. మూడు స్తంభాలు తిన్నగా, నిండుగా, బరువు మోస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. తను తిన్నగా చేసినది మాత్రం జబ్బుపడి లేచినదానిలా నడుము లోపలికి పోయి కనిపించింది.

"కన్ను మోసం చేస్తుందిరా" అన్నారట గురువుగారు. "ఉత్తి తిన్నటి స్తంభం దానికి నొక్కుకుపోయినట్టు కనబడుతుంది. అందుకని కట్టినవాళ్ళు దానికి కాస్త పొట్ట పెట్టారు. మూడింటిని ఎందుకు వదిలేశావు?"

"వానలొచ్చాయండీ."

"వానలు నిన్ను కాపాడాయి. చూసి నేర్చుకోడానికి మూడు మిగిలాయి."

గురువుగారు ఆ ఏడే పోయారు, ఈ సంగతి ఎవరికీ చెప్పకుండానే. మరుసటి వేసవి మామగారు నిచ్చెన వేసుకుని రెండో స్తంభం వంపుకి సరిగ్గా సరిపోయేలా ఆ చెక్క చెక్కారు. అవకాశం రాగానే సరిచేద్దామని. కానీ డాక్టరు ఆ స్తంభాన్ని ముట్టుకోనివ్వలేదు, అది ఆయనకి చుట్టాలకి చూపించే వస్తువైపోయింది. తర్వాత వచ్చినవాళ్ళు పూత దాటి పని ఇవ్వలేదు. నిజం చెబితే ఇచ్చేవాళ్ళేమో. చెప్పాలంటే పేరు వదులుకోవాలి.

"ఎదురువైపు ఎందుకు నడవరో ఇప్పుడు తెలిసింది" అన్నాను. గోడ పక్కనుంచి పోతే నాలుగు స్తంభాలూ కలిపి కనబడవు. నాకు ఆయన మీద జాలి కాదు, కోపమే వచ్చింది. ఇన్నేళ్ళు ఈ మనిషి నా పక్క గదిలో ఉండి, ఇంత బరువు ఒంటరిగా మోస్తూ, నా చెప్పు కాలవలో పడితే ఎండ అని చెప్పారు. ఆ కోపం ప్రేమే అని ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు కాస్త గట్టిగానే మాట్లాడాను.

"రేపు మీ అబ్బాయి మిగతా మూడూ గీకేస్తారు. మీకు వానలు అడ్డొచ్చాయి, ఆయనకి ఏదీ అడ్డు రాదు."

"వాడు నా పేరు చెప్పుకుని పనిలోకి వెళ్ళాడమ్మా. నేను నోరు విప్పితే వాడి పరువేం కాను?"

"మూడు స్తంభాలు పోయాక కనుక్కున్నామనుకోండి, అప్పుడు చెక్క కూడా ఎందుకూ పనికి రాదు. ఆనించి చూసుకోడానికి ఏముంటుంది?"

ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మా ఆయనతో రెండుసార్లు మాట మొదలుపెట్టి, రెండుసార్లూ సున్నంలో ఇసక పాలు ఎంత అన్న దగ్గర ఆపేశారు.

సోమవారం పొద్దున నేను తలుపు తీసేసరికి ఆయన చెక్కని మేకుల నుంచి దించి గుమ్మంలో పట్టుకుని నిలబడ్డారు. "ఒక చివర పట్టుకో తల్లీ" అన్నారు. పది అడుగుల చెక్క పట్టుకుని ఇద్దరం బజారులోంచి నడవడం ఒక తమాషా. మలుపు తిరిగిన ప్రతిచోటా ఆయన వైపు మలుపు తిరిగిపోయేది, నా వైపు ఇంకా పాత వీధిలోనే ఉండేది. పళ్ళ బండి మీద బత్తాయిలు రెండు దొర్లించాం. "రసమట్టంగారూ, కోడలితో కొలతలు వేయిస్తున్నారా" అని ఎవరో అన్నారు. ఆయన వినిపించుకోలేదు.

మేం వెళ్ళేసరికి రెండో స్తంభం చుట్టూ పరంజా కట్టేశారు. మా ఆయన పైన నిలబడి అరచెయ్యంత మేర అప్పటికే గీకారు. కింద తెల్లటి పొడి రాలి ఉంది. మామగారు ఆ పొడి చూసి ఆగిపోయారు.

"ఆపరా" అన్నారు.

"ఏంటి నాన్నా? ఆ చెక్క ఎందుకు తెచ్చావు?"

"ముందు నువ్వు దిగు. అమ్మా ఇంజినీరమ్మా, మీరూ ఒకసారి నాతో రండి."

నలభై నాలుగేళ్ళ తర్వాత మా మామగారు ఆ వీధి దాటి ఎదురువైపుకి వెళ్ళారు. గొడుగుల దుకాణం ముందు నిలబడి ఇంజినీరమ్మని పక్కన నిలబెట్టుకున్నారు. పని మానేసి కూలీలు కూడా వచ్చి చుట్టూ మూగారు. మా ఆయన అందరికంటే వెనక నిలబడ్డారు, జుట్టు నిండా సున్నం.

"మొదటిది చూడండి. తర్వాత చివరి రెండూ చూడండి. కొలతలు మర్చిపోయి చూడండి."

ఆమె చూసింది. కళ్ళు చిట్లించి, తల పక్కకి వంచి, మళ్ళీ చూసింది. "మొదటిది సన్నగా... నడుం నొక్కుకుపోయినట్టుంది" అంది నెమ్మదిగా.

"దాన్ని చెడగొట్టింది నేను" అన్నారు మామగారు. గొంతు పెద్దది చేయలేదు, కానీ అందరికీ వినిపించింది. "ఆ మూడూ ఉబ్బినవి కావు. కట్టినవాళ్ళు అలాగే కట్టారు. నాకు తెలీక దీని పొట్ట కోసేశాను. దాన్ని చూసే ఊళ్ళో నాకు పేరొచ్చింది. నా పేరు విని మీరు మిగతావి కూడా కోయిస్తున్నారు. తప్పు నాది, శిక్ష వాటికి వెయ్యకండి."

గొడుగులాయన చేతిలో ఊచ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అప్పుడు మా ఆయన వెనకనుంచి అన్నారు. "పిల్లలకి చూపించాను కదా నాన్నా. చెయ్యి పెట్టించి చూపించాను."

"అందుకేరా చెబుతున్నాను. నువ్వు చూపించింది తప్పు స్తంభం."

మా ఆయన తిరిగి చూడకుండా ఇంటి వెనక్కి వెళ్ళిపోయారు. మామగారికి తల కొట్టేసినట్టయింది, నాకు తెలుస్తూనే ఉంది. కానీ చెక్క వదల్లేదు. నేనూ ఆయనా దాన్ని మోసుకెళ్ళి మూడో స్తంభానికి ఆనించాం. పైనుంచి కిందదాకా అది ఒదిగిపోయింది. ఇంజినీరమ్మ వేలి గోరు దూర్చడానికి చూసింది, దూరలేదు. మొదటి స్తంభానికి ఆనిస్తే నడుమ రెండు వేళ్ళు కాకపోయినా ఒక వేలు దూరేంత సందు. ఆమె మెట్ల మీద కూర్చుని తను తెచ్చిన కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నేను కూడా బద్దే ఆనించాను మేస్త్రీగారూ" అంది. "నాక్కూడా ముందే ఎదురువైపుకి వెళ్ళి చూడాలని తోచలేదు." ఆ పిల్లంటే నాకు అప్పుడే ఇష్టం కలిగింది. తన తప్పు ఒప్పుకోడానికి ఆమెకి నలభై ఏళ్ళు పట్టలేదు.

తర్వాత రెండు రోజులు మా ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య మాట లేదు. "నాన్నకి చెప్పు", "వాడికి చెప్పు" అని ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. ఒకే గదిలో కూర్చుని కూడా. నేను ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోయడం మానేసి మిషను తొక్కుకున్నాను. పనిలో ఎవరూ మా ఆయన్ని తక్కువ చేసి మాట్లాడలేదు. ఒకరిద్దరు నవ్వి ఉంటారు, ఆయన చెప్పలేదు. ఇంజినీరమ్మ మాత్రం రెండోదాని మీద గీకిన చోటు పూడ్చడం, మూడింటినీ తడిబట్టతో తుడవడం తప్ప ఏమీ చేయకూడదని రాసి పంపింది. మొదటి స్తంభాన్ని తిరిగి చేయమని మా ఆయనకే చెప్పింది.

మూడో రోజు సాయంత్రం మా ఆయన కాళ్ళు కడుక్కుని నా గదిలోకి వచ్చారు. మామగారు స్టూలు మీద ఉన్నారు. మా ఆయన గోడ మీద ఖాళీగా ఉన్న రెండు మేకుల వంక చూస్తూ అడిగారు.

"ఆ చెక్కకి ఏ చివర పైకి నాన్నా?"

"చిన్న గాటు ఉన్నది పైకి. పొట్ట మూడో వంతు నుంచి మొదలవుతుంది, సగం నుంచి కాదు. అక్కడే నేను..." అని ఆగి, "రేపు నేనొచ్చి కూర్చుంటాలే" అన్నారు.

వారం రోజులు ఆయన గొడుగుల దుకాణం బల్ల మీద కూర్చున్నారు. మా ఆయన గానుగ సున్నం పొర మీద పొర వేసి, మధ్య మధ్య చెక్క ఆనించి, గులకరాయితో రుద్దారు. ప్రతి పొరకీ తిరిగి ఎదురువైపుకి చూసేవారు. మామగారు చెయ్యి కొంచెం పైకెత్తితే ఇంకా కావాలని, కిందకి దించితే చాలని. కేకలు లేవు. చివరి రోజు చెయ్యి ఎత్తలేదు, దించలేదు. ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. మా ఆయన గులకరాయి జేబులో వేసుకుని దిగిపోయారు.

పరంజా విప్పిన రోజు ఇంజినీరమ్మ పుస్తకం తెచ్చింది. ఇంటి మరమ్మతులన్నీ ఎవరు ఎప్పుడు చేశారో అందులో రాసి గ్రంథాలయంలో ఉంచుతారట. "మొదటి స్తంభానికి ఏం రాయమంటారు? ఒకసారి మరమ్మతు జరిగిందని రాస్తే సరిపోతుంది" అంది. ఆమె మంచితనం అది, పాత సంగతి కప్పిపుచ్చడానికి దారి చూపించింది.

"రెండుసార్లు జరిగింది" అన్నారు మామగారు. "తండ్రి చెడగొట్టాడు, కొడుకు బాగుచేశాడు. అలాగే రాయండమ్మా."

మా ఆయన పక్కకి తిరిగి పరంజా తాళ్ళు చుట్టడం మొదలుపెట్టారు. చుట్టిందే చుట్టారు. ఆ తాడు ముడి పడితే విప్పడానికి కూలీ ఒకతనికి పావుగంట పట్టింది.

చెక్క మళ్ళీ మా ఇంటికి రాలేదు. అది గ్రంథాలయంలో గోడకి ఉంది, మా పిల్లలు గీసిన రంగు బొమ్మలతో సహా. ఆ రెండు మేకులకి ఇప్పుడు నా చొక్కాలు వేలాడుతున్నాయి. ఊళ్ళో ఆయన్ని రసమట్టం అనడం మానలేదు. ఆయనే మొదట్లో "వద్దయ్యా" అనేవారు, తర్వాత విసుగొచ్చి వదిలేశారు.

నిన్న దారాలు అయిపోతే మామగారితో బజారుకి బయల్దేరాను. స్తంభాల ఇంటి వీధి మొదట్లో అలవాటుగా గోడవైపుకి తిరిగి, కాలవ మీద బండ కోసం కాలు చాపాను. పక్కన ఆయన లేరు. అప్పటికే వీధి దాటి ఎదురు కాలిబాట మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి నాకోసం చూస్తున్నారు.

"ఇటు రా తల్లీ" అన్నారు. "ఇటు నీడగా ఉంది."

నేను కొంగు నెత్తిన కప్పుకుని వీధి దాటాను.